నేల మీద వచ్చిన యాక్సెల్ ఐస్ మీద ఎందుకు రాదు?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఫిగర్ స్కేటింగ్ నేర్చుకునే పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఇది తరచూ కనిపించేదే. హాల్లో సోఫా ఓ పక్కకి నెట్టి, పిల్ల యాక్సెల్ జంప్ చేసి చూపిస్తుంది. ఒకటిన్నర చుట్టు తిరిగి, కుడికాలి మీద దిగి, ఎడమకాలు వెనక్కి చాచి కదలకుండా నిలబడుతుంది. మర్నాడు పొద్దున్నే రింకులో అదే పిల్ల అదే జంప్‌కి వెళ్తే సగం తిరిగేసరికే ఒళ్లు విచ్చుకుపోతుంది. రెండు కాళ్ల మీద దిగడమో, అసలు ఎగరకుండానే ఆగిపోవడమో జరుగుతుంది. "ఇంట్లో వచ్చింది కదమ్మా, ఇక్కడేమైంది? భయపడుతున్నావా?" అని అడుగుతాం.

భయం ఉంటుంది, కాదనను. కానీ నెలల తరబడి జంప్ రాకపోవడానికి భయమే కారణమని తేల్చేసి పిల్లల్ని నిలదీయడం అన్యాయం. నేల మీది యాక్సెల్‌కీ ఐస్ మీది యాక్సెల్‌కీ పేరొకటే. గాల్లో జరిగే పని కూడా దాదాపు ఒకటే. ఎగిరే తీరు మాత్రం వేరు, దిగాక జరిగేది కూడా చాలావరకు వేరు. కాబట్టి నేల మీద వచ్చిన జంప్‌ని ఉన్నదున్నట్టుగా తీసుకెళ్లి ఐస్ మీద పెట్టడం కుదరదు. దాన్ని విడగొట్టి, పనికొచ్చే భాగాన్ని తీసుకెళ్లి, మిగతాది ఐస్ మీదే కొత్తగా కట్టుకోవాలి.

ముందు జంప్ సంగతి చూద్దాం. ఫిగర్ స్కేటింగ్‌లో ప్రధానమైన జంప్‌లు ఆరు: టో లూప్, సాల్‌కావ్, లూప్, ఫ్లిప్, లట్జ్, యాక్సెల్. మొదటి అయిదూ వెనక్కి జారుతూ ఎగిరేవి. యాక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ ఎగిరి వెనక్కి చూస్తూ దిగేది. అందుకే దానికి ఎప్పుడూ అర చుట్టు అదనం. సింగిల్ అంటే ఒకటిన్నర, డబుల్ అంటే రెండున్నర. నార్వేకి చెందిన యాక్సెల్ పాల్సెన్ 1882లో వియన్నాలో దీన్ని మొదట చేసి చూపించాడు, అదీ వేగంగా పరుగెత్తే స్పీడ్ స్కేట్లు వేసుకుని. డబుల్ యాక్సెల్ కోసం 1948 సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో డిక్ బటన్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ట్రిపుల్‌ని 1978లో ఒటావా ప్రపంచ పోటీల్లో వెర్న్ టేలర్ చేశాడు. నాలుగున్నర చుట్ల యాక్సెల్ 2022 సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో ఇలియా మాలినిన్ చేసేదాకా ఎవరికీ పోటీలో దక్కలేదు. ఒక్కో చుట్టు పెరగడానికి ముప్ఫై, నలభై, అరవై ఏళ్లు పట్టిన జంప్ ఇది. మీ పిల్లకి ఆరు నెలలు పడితే కంగారు పడాల్సిన పనిలేదు.

ఇప్పుడు గాల్లో గడిచే కాలం లెక్క. శరీరం 20 సెంటీమీటర్లు పైకి లేస్తే గాల్లో ఉండేది సుమారు 0.4 సెకను. 30 సెంటీమీటర్లకి అర సెకను. 60 సెంటీమీటర్లు లేచే గొప్ప స్కేటర్లకైనా 0.7 సెకనే. ఎత్తు మూడింతలైతే కాలం మూడింతలు కాదు, రెండింతలు కూడా కాదు. అందుకని చుట్లు పెంచాలంటే ఎత్తు పెంచుకుంటూ పోవడం వల్ల అయ్యే పని కాదు, వేగంగా తిరగాల్సిందే. డెబొరా కింగ్ బృందం 1994లో సింగిల్, డబుల్, ట్రిపుల్ యాక్సెల్‌లను పోల్చి చూసినప్పుడు ఇదే తేలింది. మూడింటి ఎత్తులోనూ పెద్ద తేడా లేదు. తేడా అంతా తిరిగే వేగంలో ఉంది. నేల వదిలేటప్పుడు ఎక్కువ తిరిగే బలంతో బయల్దేరడం, గాల్లో ఒంటిని బిగుతుగా దగ్గరికి లాక్కోవడం: ఈ రెండే ట్రిపుల్ చేసేవాళ్లని వేరుచేస్తున్నాయి.

ఇందులో రెండో పనికి, అంటే గాల్లో ఒంటిని బిగించడానికి, నేల మీది సాధన చాలా గొప్పగా పనికొస్తుంది. గాల్లోకి లేచాక మనం తిరిగే బలాన్ని పెంచుకోలేం, తగ్గించుకోలేం. పట్టుకోవడానికి ఏమీ ఉండదు కదా. చేతులు, కాళ్లు ఇరుసుకి దగ్గరగా తెస్తే వేగం పెరుగుతుంది, దూరంగా జరిపితే తగ్గుతుంది. ఈ సూత్రం కింద చెక్క ఉన్నా ఐస్ ఉన్నా మారదు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రిచర్డ్స్ బృందం స్కేటర్ల జంప్‌లను కంప్యూటర్ నమూనాలుగా మార్చి, అదే ఎత్తులో చేతులు ఇంకాస్త లోపలికి తెస్తే చుట్టు ఎలా పూర్తవుతుందో వాళ్లకే చూపించేది. మోచేతులు పక్కలకి పొడుచుకొస్తే ఎంత నష్టమో అలా కంటితో చూస్తే గానీ తెలియదు.

అపసవ్య దిశలో తిరిగేవాళ్లు (ఎక్కువమంది అలాగే తిరుగుతారు) గాల్లో ఉండాల్సిన భంగిమ ఇది. బరువంతా కుడివైపు, కుడికాలు నిటారుగా, ఎడమకాలు దాని ముందుగా అడ్డంగా, చేతులు ఛాతీకి ఆనించి, చూపు ఎడమ భుజం మీదుగా. స్కేటర్లు దీన్ని బ్యాక్‌స్పిన్ పొజిషన్ అంటారు. యాక్సెల్‌లో ఎగిరేది ఎడమకాలితో, తిరగాల్సింది కుడివైపు ఇరుసు మీద. ఈ బరువు మార్పిడి సెకనులో పదోవంతు, రెండు పదోవంతుల్లో జరిగిపోవాలి. నేల మీద ఎడమకాలితో అడుగేసి, కుడి మోకాలిని మెట్టెక్కినట్టు పైకి తెచ్చి, దాని మీదకి ఎక్కి బిగుసుకోవడం వందసార్లు చేస్తే ఒంటికి అలవాటవుతుంది. ఐస్ మీద అన్నిసార్లు పడుతూ లేస్తూ నేర్చుకోవడం కన్నా ఇది ఎంతో మేలు. రింకు సమయం డబ్బుతో కొనుక్కునేది, నేల ఉచితం.

ఇక వేరుగా ఉండే సగం దగ్గరికి వద్దాం. చిక్కంతా ఇక్కడే.

నేల మీద యాక్సెల్‌కి పిల్ల ఒకటి రెండు అడుగులు వేసి దాదాపు ఉన్నచోటనే ఎగురుతుంది. ఐస్ మీద కుడికాలి బ్లేడు బయటి అంచు మీద వెనక్కి జారుతూ వచ్చి, ముందుకి తిరిగి, ఎడమకాలి బయటి అంచు మీదకి అడుగేస్తుంది. ఈ అంచులనే ఎడ్జ్ అంటారు; ముందుకి జారితే ముందు ఎడ్జ్, వెనక్కి జారితే వెనుక ఎడ్జ్. ఫిగర్ స్కేట్ బ్లేడు మందం 4 మిల్లీమీటర్లే అయినా మధ్యలో గాడి ఉంటుంది, దానికి రెండు పక్కలా రెండు ఎడ్జ్‌లు. బ్లేడు అడుగు కూడా చదునుగా ఉండదు, ముందు నుంచి వెనక్కి కాస్త వంపు తిరిగి ఉంటుంది. అందువల్ల ఒక ఎడ్జ్ మీద నిలబడితే స్కేటర్ తిన్నగా పోదు, వంపుగా పోతుంది. యాక్సెల్ ఎగిరేది ఆ వంపులోంచే.

వంపులో పోతున్న మనిషి లోపలికి వాలాల్సిందే, మలుపులో సైకిల్ వాలినట్టు. ఎంత వాలాలో లెక్క కట్టొచ్చు. సెకనుకు 4 మీటర్ల వేగంతో, 4 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో పోతుంటే నిట్టనిలువు నుంచి సుమారు 22 డిగ్రీల వాలు కావాలి. నేల మీద నిలబడి ఎగిరే పిల్లకి ఆ వాలు సున్నా. ఆమె ఒంటికి తెలిసిన "నిటారు" అంటే గోడ గడియారంలో పన్నెండు గంటల ముల్లు. ఐస్ మీద అదే నిటారుతనం కోసం చూస్తే వంపులోంచి బయటికి తుళ్లి, భుజాలు వృత్తం అవతలికి పోయి, జంప్ పక్కకి పడిపోతుంది. కోచ్ రింకు పక్కనుంచి "ఎడ్జ్ మీద ఉండు, ఇంకా ఉండు" అని అరిచేది దీని గురించే. నేల మీద ఎన్ని యాక్సెల్‌లు చేసినా ఈ వాలు రాదు. ఎడ్జ్ మీద జారుతూనే రావాలి.

తిరిగే బలం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకో తేడా. షూ అడుగున రబ్బరు నేలని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు మీద కాలిని తిప్పుతూ, భుజాలు విసిరి పిల్ల చుట్టు తెచ్చుకుంటుంది. ఐస్ మీద ఆ పట్టు లేదు. భుజాలు ముందే విసిరితే కింద బ్లేడు జారి తిరిగిపోతుంది, పైకి లేవడానికి ఆధారమే మిగలదు. ఐస్ మీద జరగాల్సింది ఇది. ఎడమ మోకాలు బాగా వంగి, చేతులూ కుడికాలూ వెనక నుంచి ముందుకి దగ్గరగా వస్తుండగా, ఎడ్జ్ చివర్లో వంపు బిగుసుకుంటుంది. బ్లేడు కొద్దిగా అడ్డం తిరిగి ఐస్‌ని గీరుతుంది. అంటే కింద బ్రేక్ పడింది, పైనున్న శరీరం మాత్రం ముందుకి పోతూనే ఉంది. ఎడమవైపు ఆగి, కుడివైపు దాన్ని దాటుకుని వస్తుంది. ముందుకి పోయే వేగంలో కొంత పైకి లేచే బలంగా, కొంత తిరిగే బలంగా మారేది ఆ క్షణంలోనే. చివరికి బ్లేడు ముందున్న పళ్లు, అంటే టో పిక్, ఐస్‌కి తగిలి వదులుతుంది. ఫిగర్ స్కేటింగ్‌కి ఐస్‌ని హాకీ రింకు కన్నా కాస్త మెత్తగా, మైనస్ 3, 4 డిగ్రీల దగ్గర ఉంచేది కూడా ఎడ్జ్, టో పిక్ సరిగ్గా పట్టుకోవాలనే.

ఈ గీరుడు తప్పు కాదు. చాలామంది తల్లిదండ్రులు వీడియో నెమ్మదిగా తిప్పి చూసి "ఎగరకముందే పావు చుట్టు తిరిగిపోయింది" అని బెంగపడతారు. యాక్సెల్‌లో కొంత తిరుగుడు ఐస్ మీదే జరుగుతుంది, మేటి స్కేటర్లకీ అంతే. తప్పు ఎక్కడంటే, బ్లేడు కన్నా ముందు భుజాలు తిరిగిపోతే. నేల మీద నేర్చిన విసురు ఐస్ మీదకి వచ్చిందంటే సరిగ్గా అదే కనిపిస్తుంది. అందుకే నేల మీద పిల్ల ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టి మురిసిపోవద్దంటాను. భుజాలు విసరకుండా ఎన్ని తిరుగుతోందో చూడాలి. విసిరి చేసిన డబుల్ కన్నా విసరకుండా చేసిన సింగిల్ ఐస్ మీద ఎక్కువ పనికొస్తుంది.

బూటు సంగతీ చెప్పాలి. మామూలు షూతో ఎగిరేటప్పుడు పిక్కల బలంతో మడమ పైకి లేచి, పాదం పూర్తిగా చాచుకుని, బొటనవేలి దాకా నేలని తోస్తుంది. స్కేటింగ్ బూటు గట్టిది. చీలమండని కదలనివ్వదు, పాదాన్ని అంతగా చాచనివ్వదు. అక్కడ పోయిన ఎత్తుని మోకాలు, తుంటి ఇవ్వాలి. కాళ్లకి బూట్లు, బ్లేడ్ల బరువు తోడవుతుంది, అదీ ఇరుసుకి దూరంగా ఉండే పాదాల దగ్గర. గాల్లో కాళ్లు సరిగ్గా దగ్గరికి రాకపోతే ఆ బరువే చుట్టుని నెమ్మది చేస్తుంది. నేల మీద కాళ్లు కాస్త విడిపోయినా గట్టెక్కేస్తాం, ఐస్ మీద గట్టెక్కం. కాబట్టి నేల మీద సాధన చేసేటప్పుడే చీలమండల దగ్గర సందు లేకుండా చూసుకోవాలి.

దిగడం గురించి. నేల మీద కాలు ముందు భాగంతో దిగి, మోకాలు వంచి, అక్కడే ఆగిపోతాం. మిగిలిన తిరుగుడు ఏమైనా ఉంటే షూ పట్టు దాన్ని ఒక్కసారిగా ఆపేస్తుంది, ఆ మెలి మోకాలు భరించాలి. ఐస్ మీద ముందు టో పిక్, ఆ వెంటనే కుడికాలి వెనుక బయటి ఎడ్జ్. వేగం ఇంకా మిగిలే ఉంటుంది గనక స్కేటర్ వెనక్కి వంపుగా జారిపోతుంది, మిగిలిన తిరుగుడు ఆ వంపులో కరిగిపోతుంది. నేల మీద దిగి మూడు లెక్కపెట్టేదాకా నిలబడటం నేర్చిన పిల్ల ఐస్ మీద కూడా గట్టిగా ఆగాలని చూస్తుంది, మడమ వైపు కూర్చుంటుంది, వెనక్కి పడుతుంది. దీనికి మందు నేల మీద దొరకదు. వెనుక బయటి ఎడ్జ్ మీద దిగిన భంగిమలో పొడవుగా జారడం ఐస్ మీద రోజూ చేయాల్సిందే.

మిగతా జంప్‌ల విషయం క్లుప్తంగా చెప్తాను. నేల నుంచి ఐస్‌కి సులువుగా వచ్చేది లూప్ భంగిమ, ఎందుకంటే ఎగిరే కాలూ దిగే కాలూ కుడిదే, బరువు మార్పిడి లేదు. సాల్‌కావ్ వంపు మీద నడిచేది గనక నేల మీద దాని నీడ మాత్రమే చేయగలం. టో లూప్, ఫ్లిప్‌లలో టో పిక్ గుచ్చే కాలి స్థానం నేల మీద నేర్పొచ్చు. లట్జ్ అన్నిటికన్నా మొండిది. ఒక దిశలో వంపు పోతూ దానికి ఎదురుదిశలో తిరగాలి. నేల మీద వంపే లేదు కాబట్టి అక్కడ లట్జ్, ఫ్లిప్ రెండూ ఒకేలా వస్తాయి. తీరా ఐస్ మీద చివరి క్షణంలో లోపలి ఎడ్జ్‌కి మారిపోయే అలవాటు అక్కడే పాతుకుంటుంది. లట్జ్‌ని నేల మీద ఎక్కువగా చేయించడం నాకు నచ్చదు.

మరి యాక్సెల్‌ని తీసుకెళ్లే దారి ఏది? కోచ్‌లు ఎక్కువగా వాడే వరుస ఒకటుంది, దానిలోని తర్కం తెలిస్తే పిల్లకీ ఓపిక వస్తుంది. మొదట వాల్ట్‌జ్ జంప్. ముందు ఎడమ బయటి ఎడ్జ్ నుంచి ఎగిరి, అర చుట్టు తిరిగి, కుడి వెనుక ఎడ్జ్ మీద దిగేది. యాక్సెల్ ఎగిరేదీ సరిగ్గా ఈ ఎడ్జ్ నుంచే. అంటే పరాయిగా ఉన్న సగం ఇక్కడుంది. రెండోది ఐస్ మీద బ్యాక్‌స్పిన్, చేతులు కట్టుకుని, ఎడమకాలు అడ్డం వేసి, కనీసం నాలుగైదు చుట్లు నిలకడగా. అంటే గాల్లో ఉండాల్సిన సగం ఇక్కడుంది. ఈ రెండిట్లో ఏది తడబడినా యాక్సెల్‌కి తొందరపడకూడదు.

ఆ తర్వాత రెండిటినీ కుట్టాలి. వాల్ట్‌జ్ జంప్ చేసి దిగిన కాలి మీదే ఆపకుండా బ్యాక్‌స్పిన్‌లోకి వెళ్లడం ఒక కుట్టు. వాల్ట్‌జ్ దిగిన వెంటనే లూప్ జంప్ కలపడం ఇంకో కుట్టు. ఈ రెండో దాన్ని దగ్గరగా చూడండి. వాల్ట్‌జ్‌లో అర చుట్టు, లూప్‌లో ఒక చుట్టు, కలిపితే ఒకటిన్నర. మొదటి జంప్‌లో బరువు కుడివైపుకి వచ్చింది, రెండోది ఆ కుడివైపు మీదే తిరిగింది. మధ్యలో ఐస్‌ని తాకడం ఒక్కటీ తీసేస్తే అది యాక్సెలే. వాల్ట్‌జ్-లూప్ చేస్తున్నప్పుడు మధ్యలో భుజాలు తెరుచుకుంటున్నాయా, కుడి తుంటి మీద బరువు నిలుస్తోందా అన్నది చూస్తే యాక్సెల్‌లో ఏం తప్పబోతోందో ముందే తెలిసిపోతుంది.

ఈ దశలో నేల మీది సాధన కూడా రూపం మారాలి. అక్కడా వాల్ట్‌జ్-లూప్ చేయించాలి, అడుగు నేరుగా కాకుండా సుద్దతో గీసిన వంపు మీద వేయించాలి. నేల మీద చేసిన వెంటనే బూట్లు కట్టుకుని ఐస్ మీద అదే చేస్తే ఒంటికి పోలిక దొరుకుతుంది. ఐస్ మీద మొదటి ప్రయత్నాలు నెమ్మదిగా వద్దు. వినడానికి వింతగా ఉన్నా, జారే వేగం మరీ తక్కువైతే ఎడ్జ్‌కి వాలు ఉండదు, పైకి మార్చుకోవడానికి వేగమూ ఉండదు, పిల్ల మళ్లీ భుజాల విసురుకే వెళ్తుంది. హాయిగా వాల్ట్‌జ్ జంప్ చేసే వేగం ఎంతో అంత ఉండాలి.

హార్నెస్ ఉంటే ఇక్కడే వాడాలి. నడుముకి బెల్టు కట్టి, పొడవాటి కర్రకి తాడు తగిలించి, కోచ్ పక్కనే జారుతూ పట్టుకుంటారు. పడతానన్న బెంగ తీరుతుంది గనక పిల్ల గాల్లో భంగిమని చివరిదాకా వదలదు. కానీ ఎగరాల్సిన బలం తాడు ఇవ్వడం మొదలుపెడితే సాధన వృథా. మంచి కోచ్ తాడుని వదులుగా ఉంచి, దిగేటప్పుడు మాత్రమే బిగిస్తారు. ప్లాస్టిక్ పలక మీద నిలబడి గిర్రున తిరిగే స్పినర్ ఇంటింటా కనిపిస్తోంది. ఇరుసు మీద నిలకడకీ, కళ్లు తిరగడం అలవాటు కావడానికీ అది చాలు. జంప్ నేర్పుతుందని మాత్రం అనుకోవద్దు.

ఐస్ దొరకని చోట చక్రాల స్కేట్లు మధ్య మెట్టుగా నిలుస్తాయి. ఈ విషయంలో మనకి సొంత చరిత్రే ఉంది. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ ఆటలో కూడా జంప్‌ల పేర్లు యాక్సెల్, సాల్‌కావ్, లట్జ్‌లే. చక్రాల మీద ఎడ్జ్ ఉంది, వాలు ఉంది, వేగం ఉంది, దిగాక వెనక్కి జారడం ఉంది. అంటే షూ ఇవ్వలేనివి చాలావరకు ఇస్తుంది. ఐస్ మీద బ్లేడు అడ్డంగా గీరినంత సులువుగా చక్రం గీరదు, స్కేట్ల బరువు కూడా వేరు. అక్కణ్నుంచి ఐస్ మీదకి వచ్చేవాళ్లు ఆ చివరి గీరుడు ఒక్కటీ కొత్తగా నేర్చుకోవాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో రోలర్ రింకుకి వెళ్లే పిల్లలు రేపు అమెరికా వెళ్లి ఐస్ ఎక్కితే సున్నా నుంచి మొదలుపెట్టరు.

ఎన్నిసార్లు చేయాలన్నది మిగిలింది. ఐస్ మీద దిగేటప్పుడు కాలి మీద పడే భారం శరీర బరువుకి అయిదింతలు దాటడం మామూలే. బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్లేడుకే కొలిచే పరికరాలు అమర్చి ఈ బలాలని కొలిచారు. నేల మీద చేసేవి కూడా జంప్‌లే, ఎముకలకి ఆ తేడా తెలియదు. ఇంట్లో సాయంత్రం చేసినవి, ఆఫ్-ఐస్ క్లాసులో చేసినవి, రింకులో చేసినవి కలిపి కోచ్‌కి చెప్పాలి. చాలా ఇళ్లలో ఇది చెప్పరు, మడమ నొప్పి, మోకాలి కింద నొప్పి వచ్చాక బయటపడుతుంది. ఎదిగే పిల్లల్లో ఎముక చివర్లు ఇంకా గట్టిపడవు. సిమెంటు నేల మీద, గ్యారేజీలో, పలుచని చెప్పులతో జంప్‌లు అసలు వద్దు. చెక్క నేల, మంచి షూ, ముందుగా ఒళ్లు వేడెక్కించడం తప్పనిసరి. అలసిపోయాక చేసే జంప్‌ల్లో భుజాల విసురు తిరిగొస్తుంది, ఒంటికి గుర్తుండిపోయేది కూడా అదే. ఆరోజుకి ఆపేయడమే మేలు.

డబుల్ యాక్సెల్ దాకా వచ్చాక ఇదంతా మార్కుల్లో కనిపిస్తుంది. డబుల్ యాక్సెల్ మూల విలువ 3.30. దిగేటప్పుడు పావు చుట్టు కన్నా ఎక్కువ తగ్గితే అందులో 80 శాతమే, అంటే 2.64. అర చుట్టో అంతకన్నా ఎక్కువో తగ్గితే సింగిల్ యాక్సెల్‌గా లెక్కగట్టి 1.10 ఇస్తారు. ఆ తగ్గిన పావు చుట్టుకి కారణం గాల్లో వెతుకుతూ "ఇంకా గట్టిగా తిరుగు" అని చెప్పడం పరిపాటి. వీడియోని ఎగిరే క్షణం దగ్గర ఆపి చూడండి. భుజాలు బ్లేడు కన్నా ముందున్నాయా, ఎడమ మోకాలు వంగిందా, కుడి మోకాలు పైకి వచ్చిందా. వరుసగా నాలుగైదు జంప్‌లలో ఆ ఒక్క ఫ్రేమ్ పోల్చి, కోచ్ దగ్గరికి తీసుకెళ్లి అడగండి.